ముందరి కాలు

ముందు లారీలు ఆగాలి.
ఆటోనగర్ నాలుగో రోడ్డులో
అది జరిగేది రాత్రి ఒంటిగంట దాటాకే.
రేకుల కప్పు పగలంతా తాగిన ఎండను
చిటపటమంటూ కక్కేసి చల్లబడాలి.
ఫ్యాను కట్టెయ్యాలి. టీ గ్లాసు దూరంగా జరపాలి.
అప్పుడు గానీ జక్రయ్య మేస్త్రి
చెక్కపెట్టె తెరిచి, పాత బనియను గుడ్డ విప్పి
పురిటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో
దాన్ని బయటికి తీయడు.
నేను స్పిరిట్ లెవెల్ అంటాను.
ఆయన రసమట్టం అంటాడు,
తాపీపని చేసిన వాళ్ళ నాన్న మాట.

మిషను గుంటూరుది.
పొగాకు కంపెనీ వాళ్ళు వర్క్‌షాపు మూసేస్తే
పిచ్చేశ్వరరావు గారు వేలంలో పాడుకొచ్చారు.
ఎనిమిదడుగుల బెడ్డు. డీజిల్ పోసి ఎంత కడిగినా
గేర్లపెట్టె మూల ఇంకా పొగాకు ఘాటు.
లారీ మీద తాళ్ళేసి బిగించి తెచ్చేప్పుడు
దాని నడుం పట్టేసిందంటాడు మేస్త్రి.
కంటికి ఆనని మెలి.
వాళ్ళ నాన్న లెక్కలో అన్నిటికన్నా చిన్నది నూలు,
అంగుళానికి ఎనిమిది.
"ఆ నూలును మూడొందల పోగులు చెయ్యి.
అందులో ఒక్క పోగు తేడా వచ్చినా నాకొద్దు."

మేస్త్రికి రెండు కళ్ళలోనూ శుక్లాలు.
బుడగ చూసే పని నాది.
"షంషాదూ, ఊపిరి దానిమీద పడనీకు.
మనిషి వేడికే పక్కకి పారిపోద్ది."
పచ్చటి నీళ్ళలో, నల్లగీతల నడుమ
సగ్గుబియ్యం గింజంత బుడగ.
ఆయన వెల్లకిలా పడుకుని
మిషను కాళ్ళ దగ్గర స్పానర్ పట్టుకుంటాడు.
"ఎటుంది?"
"గోడవైపు, గీతన్నర."
బోల్టు కిర్రుమని ఒక మూలుగు.
"ఇప్పుడు?"
"ఒక గీత."
"ఇప్పుడు?"

రెండున్నరయింది.
మోకాళ్ళు సిమెంటు మీద మొద్దుబారిపోయాయి.
మెడ మీద దోమ, కొట్టడానికి లేదు.
అర గీత మిగిలింది.
"మధ్యలోకొచ్చింది మేస్త్రీ" అన్నాను.

ఆయన లేచి వీపు దులుపుకున్నాడు.
చక్కులో జానెడున్నర కడ్డీ బిగించి
ఈ చివర ఒక కట్టు, ఆ చివర ఒక కట్టు,
టెయిల్‌స్టాకు ఆసరా ఇవ్వకుండా
ఒకే టూలుతో, ఒకే లోతున
పైపై పొర తీయించాడు.
వెంట్రుకల్లాంటి రజను ట్రేలోకి రాలింది.
మైక్రోమీటరు నా చేతిలో పెట్టాడు.

చక్కు దగ్గర ముప్పై మిల్లీమీటర్లు, సరిగ్గా.
తోక దగ్గర ముప్పై మీద మూడు నూరోవంతులు.
తుడిచి మళ్ళీ కొలిచాను. మూడే.
ఎంతని ఆయన అడగలేదు.
నేనూ చెప్పలేదు.
ఎక్కడో గూడ్సు బండి పోతోంది,
దాని బరువు నేలలోంచి అరికాళ్ళకి తెలుస్తోంది.
అది పోయిందాకా ఆగి అన్నాను:
"అర గీత ఉండింది. చూశాను."

తిడతాడనుకున్నాను.
"తోక లావొస్తే ఏ కాలు ఎత్తాలి?" అన్నాడు,
ఐటీఐలో పరీక్ష పెట్టినట్టు.
"ముందరి కాలు."
"ఎత్తు మరి."
స్పానర్ నాకిచ్చి
తను బుడగ దగ్గర కూచున్నాడు,
ఆ కళ్ళతోనే, గాజు మీదికి వంగకుండా,
ఊపిరి పక్కకి తిప్పుకుని.

స్పానర్ కదిపిన ప్రతిసారీ
లేచి వెళ్ళి నేనే చూసుకున్నాను.
పడుకోవడం, లేవడం, వంగడం. పదకొండుసార్లు.
ఎటుందని ఒక్కసారీ అడగలేదాయన.

నాలుగింటికి రెండో కోత.
ఈ చివరా ఆ చివరా
మైక్రోమీటరు ఒకే మాట చెప్పింది.
నేను పైకి చదివాను, అంకె అంకె విడదీసి.
"రాయి" అని, మళ్ళీ ఏమనుకున్నాడో,
సుద్దముక్క తనే తీసుకున్నాడు.
స్తంభం తడిమి చోటు చూసుకుని
తేదీ, కొలత, కింద నా పేరు రాశాడు.

ఆ వరస కుడివైపుకి జారుతూ జారుతూ పోయి
చివరి అక్షరం
మొదటిదానికి బెత్తెడు కిందికి దిగింది.
రోడ్డు మీద తెల్లవారి మొదటి లారీ.
గాజులో బుడగ ఒణికి, అక్కడికే వచ్చి ఆగింది.
స్తంభం మీది గీతని నేను ముట్టుకోలేదు.